సెలవు పెట్టని సంతకం

మందుల షాపుల వాళ్ళు నాకు పెట్టిన పేరు భూతద్దం. ఎదురుగా మేడమ్ అంటారు. నేను గుమ్మం దిగానో లేదో పక్క వీధి షాపుకి ఫోన్ చేసి, "భూతద్దం బయల్దేరింది, సర్దుకోండి" అంటారు. నాకు తెలుసు, కోపం కూడా లేదు. డాక్టరు రాసిన చీటీనీ, షాపు వాళ్ళు ఇచ్చిన మందు వివరాలనీ పక్కపక్కన పెట్టి, రాసిందే ఇచ్చారా, ఎలా వాడాలో సరిగ్గా చెప్పారా అని చూడటం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే చేస్తున్నాను. ఈకకు ఈక, తోకకు తోక పీకే పని అంటారు మా ఆయన. ఇంట్లో గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడితే ఆయన టైము చూడరు, నా మొహం చూస్తారు.

నేను చూసేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనవి సంతకాలు. షాపు నుంచి బయటికి వెళ్ళే ప్రతి పొట్లానికీ ఒక నకలు ముక్క షాపులో మిగులుతుంది. దాని మీద రెండు పొట్టి సంతకాలు ఉండాలి. మందు తీసి పొట్లం కట్టినవాళ్ళది మొదటిది. ఆ పొట్లాన్ని విప్పి చీటీతో మళ్ళీ పోల్చి చూసినవాళ్ళది రెండోది. ఒకరి కన్ను తప్పినా ఇంకొకరి కన్ను పట్టుకోవాలని ఆ నియమం. షాపులో ఒక్కరే ఉన్న రోజున రెండో గడి ఖాళీగా వదిలేసి, మామూలు మందులు మాత్రమే ఇవ్వాలి. రెండో సంతకం దొంగదని తేలితే షాపు మూయిస్తాం. నేను మూయించినవి నాలుగు. ఒకాయన నా కాళ్ళు పట్టుకోబోయాడు, ఒకావిడ నన్నూ నా ఏడు తరాలనూ తిట్టిపోసింది. నేను ఎక్కడా మెత్తబడలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను ఏ షాపుకి వెళ్ళినా, కౌంటర్ ముందు వరసలో చిట్టచివర ఒకాయన నిలబడి ఉంటాడు. గోధుమరంగు స్వెట్టర్, చంకలో మడత పెట్టిన సంచి. వరస కదులుతుంది, ఆయన కదలడు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆయన మీద ఉంది. ఆయన పోయి పందొమ్మిదేళ్ళయింది.

ఆ బుధవారం నేను వెళ్ళిన షాపు ఒక మూల మలుపులో ఉంది. ఒక పక్క కళ్ళజోళ్ళ దుకాణం, ఇంకో పక్క సన్నని సందు. లోపల చెక్క సొరుగులు, గాజు కౌంటరు, ఎక్కితే ముల్లు నిలవని బరువు యంత్రం. డెబ్బై దాటిన పెద్దాయన ఒక్కరే ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని. నన్ను చూసి ఆయన కంగారు పడలేదు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ళని నేను గుమ్మంలోనే పసిగడతాను. ఈయన భుజాలు కదల్లేదు.

"రండమ్మా. ఫోనొచ్చింది మీరొస్తున్నారని," అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ మాట ఇంతవరకూ ఎవరూ నాతో అనలేదు.

రెండేళ్ళ నకలు ముక్కలు ముందు పెట్టించుకుని, పదిహేనింటికి ఒకటి చొప్పున లాగి చూడటం మొదలుపెట్టాను. ఒక్కరే ఉన్నామని ఖాళీ వదిలిన కొన్ని రోజులవి తప్ప, అన్నిటి మీదా రెండు సంతకాలున్నాయి. మొదటిది నిటారుగా, ఆయనలాగే. రెండోది సూదిలోంచి జారిన దారంలా చిన్న చుట్టు, చివర ఒక తోక. చూస్తూ పోతే అంతా సవ్యంగానే ఉంది. అంత సవ్యంగా ఉంటే నాకు తోచదు. అందుకని దొరికిన తప్పుల పుస్తకం అడిగాను. రెండో మనిషి పట్టుకున్న పొరపాట్లన్నీ రాసిపెట్టే పుస్తకం అది. చాలా షాపుల్లో దాన్ని నేను వస్తున్నానని తెలిశాక ఒకే పెన్నుతో ఒక్క పూటలో కూర్చుని నింపుతారు. ఈ పుస్తకం అలా లేదు.

"యాభై అని రాస్తే ఐదు తీశారు. కళ్ళజోడు మార్చుకోమని మూడోసారి చెబుతున్నాను."

"పేరు ఒకటే, మనుషులు ఇద్దరు. తాతగారి మాత్రలు మనవడి పొట్లంలో పెట్టారు. మీ బుర్ర ఏ ఊరెళ్ళింది?"

"ఈ రోజు తప్పులేమీ లేవు. నాకు అనుమానంగా ఉంది."

గట్టిగా నవ్వేశాను. ఆడిట్ చేస్తూ నవ్వడం నా ఎరుకలో అదే మొదటిసారి. పెద్దాయన కౌంటర్ దగ్గర నుంచి తిరిగి చూసి, "మా ఆవిడ," అన్నారు. "నోరు కాదమ్మా అది, రంపం."

కానీ ఈ ఉద్యోగంలో మొదటి రోజే ఒక పాఠం చెబుతారు. తప్పు చేసే మనిషి కోసం వెతకొద్దు, సెలవు పెట్టని మనిషి కోసం వెతకమని. పుస్తకం పాత పేజీల్లో, ప్రతి నెలా రెండో గురువారం తప్పులేవీ రాసి లేవు. పక్కన ఆవిడ రాత: "చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాను. కష్టమైన చీటీలు ముట్టుకోకండి. మీ సంగతి నాకు తెలుసు." అలా ఏళ్ళ తరబడి నడిచింది. పద్నాలుగు నెలల కిందట ఒక వారం పాటు నకలు ముక్కల మీద రెండో గడులన్నీ ఖాళీ. ఆ తర్వాత ఒక్క గురువారం కూడా ఆవిడ వెళ్ళలేదు. జలుబు లేదు, జ్వరం లేదు, చెల్లెలు లేదు. పద్నాలుగు నెలల్లో ఒక్క రోజు సెలవు లేదు.

"రెండో సంతకం మీ ఆవిడదే కదండీ?" అన్నాను.

"అవునమ్మా."

"ఒకసారి పిలుస్తారా?"

"లోపల ఉంది. పనిలో ఉంది."

"పర్లేదు, నేనే వెళ్తాను."

"ఇప్పుడెందుకమ్మా... మళ్ళీ ఎప్పుడైనా..." అని ఆకుకు అందని, పోకకు పొందని మాట ఒకటి అన్నారు. నేను అప్పటికే లేచాను.

వెనక గది చిన్నది. ఒక బల్ల, పైన దీపం, ముందుకి వంగి కూర్చునే మనిషికి నడుము నొప్పి రాకుండా దిండు కట్టిన కుర్చీ. బల్ల మీద పళ్ళెంలో మూడు పొట్లాలు వరసలో ఎదురుచూస్తున్నాయి. కుర్చీ వీపుకి ఆడవాళ్ళ శాలువా ఒకటి. తెరిచి పెట్టిన కళ్ళజోడు. కుర్చీలో ఎవరూ లేరు. అయినా ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు, దిండు మధ్యలో గుంట ఉంది. నేను అలిసిపోయి ఉన్నాను, కూర్చోబోయాను.

"కూర్చోకమ్మా!" అన్నారు పెద్దాయన గుమ్మంలోంచి. నేను సగంలో ఆగాను. ఆయన వెంటనే తగ్గి, "తన కుర్చీ అది," అన్నారు.

"ఎక్కడున్నారండీ ఆవిడ?"

"పోయింది. పద్నాలుగు నెలలైంది. పొట్లం విప్పుతూ విప్పుతూ, ఆ కుర్చీలోనే."

కౌంటర్ మీద గంట మోగింది. ఆయన వెళ్ళి ఎవరికో దగ్గు మందు ఇచ్చి వచ్చారు. అంతసేపూ నేను ఆ దిండుని చూస్తూ నిలబడ్డాను.

తర్వాత చెప్పారు. ఆవిడ పోయిన వారం ఆయన నిజాయితీగా ఒక్క సంతకమే పెట్టారు. ఏడో రోజు చెవిలో వేయాల్సిన చుక్కల్ని కంట్లో వేసుకోమని రాసిచ్చారు. ఆ మనిషి గుమ్మం దాకా వెళ్ళి, "చెవి పోటుకి కంట్లో ఎందుకండీ?" అని తిరిగొచ్చి అడగబట్టి సరిపోయింది. మర్నాటి నుంచి ఆయన కొత్త పద్ధతి పెట్టుకున్నారు. పొట్లం కట్టి, తన సంతకం చేసి, పళ్ళెంలో పెడతారు. పెరటి తలుపులోంచి బయటికి వెళ్ళి సందు చుట్టూ ఒకసారి తిరుగుతారు. తిరిగొచ్చి, శాలువా కప్పుకుని, ఆ కుర్చీలో కూర్చుని, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పొట్లం విప్పుతారు.

"తన జోడుతో నాకు అక్షరాలు ఆనవమ్మా. ఒక్కోటీ కూడబలుక్కోవాలి. కూడబలుక్కుంటే తప్పు దాక్కోలేదు. పైగా తను నన్ను దేంట్లోనూ నమ్మేది కాదు. ఆ కుర్చీలో కూర్చుంటే నాకూ నా మీద నమ్మకం ఉండదు."

"తప్పులు దొరికాయా?"

"అరవై ఒకటి."

పుస్తకం మళ్ళీ తెరిచాను. ఇందాక తేదీలు చూసుకుంటూ పోయి గమనించలేదు, పద్నాలుగు నెలలుగా రాత మారింది, నిటారుగా ఉంది. తిట్టు మాత్రం మారలేదు. "మీ చేత్తో మీరే రాసి మీరే చదవలేదు. సిగ్గుండాలి." ఒక మనిషి తనని తాను మీరు అని పిలుచుకుంటూ తిట్టుకున్న పేజీలు అవి.

"అక్కడ కూర్చున్నప్పుడు మీరు ఎవరండీ?" అన్నాను. అడగాల్సిన ప్రశ్న కాదు. నోరు జారింది.

ఆయన పుస్తకం అందుకున్నారు. అందులో ఒక పేజీ తీసి చూపించారు. "మందు సరే. మనిషిని చూశారా? ఆ అమ్మాయి కడుపుతో ఉన్నట్టుంది. అడిగారా?" అని ఉంది.

"పొట్లం ఇచ్చేశాక ఇది చదివి, వీధిలోకి పరిగెత్తి అడిగాను. మూడో నెలట. ఆ మందు వేసుకుంటే కడుపు నిలిచేది కాదు. రాత నాదే. కానీ రాసినట్టు గుర్తు లేదమ్మా. ఆ కుర్చీలోంచి కౌంటరు కనబడదు, మీరే చూడండి."

చూశాను. కనబడదు. సొరుగుల బీరువా అడ్డం. వరస చివర గోధుమరంగు స్వెట్టర్ ఉంటుందని తెలిసి నేను తల తిప్పలేదు.

"రాయకండమ్మా," అన్నారు పెద్దాయన. పుస్తకం మూసి దగ్గరికి లాక్కున్నారు. "షాపు పోతే పోనీ, నాకు వయసైపోయింది, ఎన్నాళ్ళు నడుపుతాను. కానీ ఈ సంతకం ఆగిపోయిన రోజున తను నిజంగా పోయినట్టు. అందరూ పద్నాలుగు నెలల కిందటే పోయిందనుకుంటున్నారు. నాకు ఇంకా పోలేదు."

నాకు జాలేసింది. జాలి వేస్తే నాకు కోపం వస్తుంది, నా స్వభావం అంత. "మీరు చేసింది దొంగ సంతకమండీ. దాన్ని ప్రేమ అనుకోండి, పిచ్చి అనుకోండి, కాగితం మీద దాని పేరు ఒక్కటే," అన్నాను. ఆయన తల వంచుకున్నారు. ఇంకెవరైనా అయితే అప్పుడే ఫారం తీసి నింపేదాన్ని. కానీ అరవై ఒక్క తప్పులు పట్టుకున్న దొంగ సంతకాన్ని నేను ఇంతవరకూ చూడలేదు. ఒక్కటి కూడా పట్టుకోని నిజం సంతకం ఎలా ఉంటుందో మాత్రం నాకు బాగా తెలుసు.

"ఇంకో గంట చూస్తాను. పదిహేనింటికి ఒకటి కాదు, మొత్తం. ఈ పద్నాలుగు నెలల్లో ఒక్క తప్పు కూడా దాటిపోలేదని తేలితే, అప్పుడు ఆలోచిస్తా," అన్నాను. పదకొండేళ్ళలో అలాంటి మాట నా నోటి నుంచి రాలేదు.

కొత్తవాటి నుంచి వెనక్కి మొదలుపెట్టాను. మంగళవారం, సోమవారం, అంతకు ముందు వారం. నలభై నిమిషాలు గడిచాక, తొమ్మిది రోజుల కిందటి ముక్క ఒకటి చేతికొచ్చింది. కీళ్ళ వాపు జబ్బుకి ఇచ్చే చిన్న పసుపుపచ్చ మాత్ర. అది వారానికి ఒక్కటే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరు పుళ్ళు పడుతుంది, తర్వాత ఒంట్లో నెత్తురు తయారవడమే ఆగిపోతుంది. చీటీలో డాక్టరు వారానికి ఒకటి అనే రాశారు. నకలు ముక్క మీద, నిటారు రాతలో, "రోజుకి ఒకటి, నాలుగు వారాలు, ఇరవై ఎనిమిది మాత్రలు" అని ఉంది. కింద మొదటి సంతకం. పక్కనే చిన్న చుట్టు, తోక.

చూడటం అక్కడే ఆపేశాను. ఎందుకంటే ఆ ముక్కని నేను అంతకు ముందు చూశాను. ఇది కాదు, ఇలాంటిదే. అదే మాత్ర, అదే తప్పు.

పందొమ్మిదేళ్ళ కిందట నేను ఒక షాపులో రెండో సంతకం మనిషిని. పొట్లాలు కట్టే అమ్మాయి నాకన్నా చిన్నది, చురుకైనది, ఎన్నడూ తప్పు చేసేది కాదు. మధ్యాహ్నం రద్దీలో నేను పొట్లాలు వరసగా పేర్చుకుని, విప్పకుండా, ఒకదాని తర్వాత ఒకటి సంతకాలు పెట్టుకుంటూ పోయేదాన్ని. వరస సంతకాలు అనేవాళ్ళం వాటిని. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసిన విద్యే, ఎవరూ ఒప్పుకోరు. ఒకరోజు ఆ వరసలో ఒక పసుపుపచ్చ మాత్రల పొట్లం ఉంది. తీసుకెళ్ళినాయన గోధుమరంగు స్వెట్టర్ వేసుకున్నాడు. పదకొండు రోజులు, చెప్పినట్టే, రోజుకి ఒకటి వేసుకున్నాడు. విచారణలో "పొట్లం విప్పి చూశారా?" అని అడిగారు. "చూశాను, నా కంటికి ఆనలేదు," అన్నాను. కంటికి ఆనకపోవడం మానవ సహజమన్నారు. తప్పు మొదట చేసింది ఆ అమ్మాయి కాబట్టి ఆ అమ్మాయిని పనిలోంచి శాశ్వతంగా తీసేశారు. నేను కొన్నేళ్ళకి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ఆ రోజు నేను పొట్లం విప్పలేదన్న సంగతి మా ఆయనకి కూడా తెలియదు.

"ఈ తేదీన ఏం చేశారు మీరు?" అని ముక్కని పెద్దాయన మొహం ముందు పెట్టాను. అరిచానేమో కూడా.

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. కౌంటర్ అంచు పట్టుకున్నారు. "ఆ సోమవారం... జ్వరాల వాళ్ళు గుంపుగా వచ్చారమ్మా. మోకాలు వాచి ఉంది. సందు చుట్టూ తిరగలేకపోయాను. కౌంటర్ దగ్గరే నిలబడి అన్నిటి మీదా..." ఆపేశారు. "తనని కూర్చోబెట్టలేదు."

"ఎవరిదీ మందు?"

"ఇస్త్రీ షాపు అమ్మాయిది. రెండు వీధులవతల."

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను, అంతే. పెద్దాయన షట్టరు కూడా దించలేదు. ఆ వాచిన మోకాలితోనే నాకన్నా ముందు నడిచారు. ఎండ నెత్తి మీద ఉంది, వీధి నిండా జనం. అంతమందిలోనూ మా ఇద్దరి అడుగుల వెనక మూడో మనిషి అడుగు నాకు స్పష్టంగా వినపడుతూ ఉంది. తొమ్మిది రోజులు, తొమ్మిది రోజులు అని లెక్కపెట్టుకుంటున్నాను. ఇంకా రెండు రోజులుంది అనుకున్నాను. అలాంటి లెక్క ఏ పుస్తకంలోనూ లేదని నాకు తెలుసు.

ఇస్త్రీ షాపు తలుపు సగం మూసి ఉంది. లోపల బల్ల మీద ఇస్త్రీ పెట్టె చల్లగా నిలబెట్టి ఉంది. మడత పెట్టిన బట్టలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి, మనిషి లేదు. పెద్దాయన "అమ్మాయ్!" అని పిలిచారు. పలకలేదు. రెండోసారి నేను పిలిచాను.

పెరట్లోంచి తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నలభై ఏళ్ళావిడ వచ్చింది. వేళ్ళు కణుపుల దగ్గర వంకర తిరిగి ఉన్నాయి. మొహం మాత్రం నిండుగా, ఆరోగ్యంగా ఉంది.

"బాబాయ్‌గారూ! మీరొచ్చారేంటి ఎండలో? ఫోన్ ఎక్కడో బట్టల్లో ఉండిపోయినట్టుంది, ఆగండి, కుర్చీ..."

"మాత్రలు," అన్నారు పెద్దాయన. "పసుపుపచ్చ మాత్రలు. తీసుకురా."

ఆమె తెచ్చింది. పెట్టె నా చేతిలో పెడితే బల్ల మీద ఒంపి లెక్కపెట్టాను. ఇరవై ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఆరే. పోయిన సోమవారం ఒకటి, మొన్న సోమవారం ఒకటి.

"రోజూ వేసుకోలేదా?" అన్నాను.

"అయ్యో, అది రోజూ వేసుకునేది కాదుగా అండీ."

"పెట్టె మీద రోజూ అని ఉంది కదమ్మా. చదవలేదా?"

"చదవకేం, చదివాను. ఇన్ని ఇచ్చారేంటి, బాబాయ్‌గారు ఊరెళ్తున్నారేమో అందుకని ముందే ఇచ్చేశారేమో అనుకున్నా." నవ్వింది. మేమిద్దరం నవ్వకపోయేసరికి తడబడింది. "పిన్నిగారు చెప్పారు కదండీ. ఈ మాత్ర మొదటిసారి ఇచ్చినప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెప్పారు. సోమవారం ఒక్కటే. పెట్టె మీద ఏం రాసున్నా, మీ బాబాయ్ ఏం చెప్పినా, ఆఖరికి రేపు నేనే వచ్చి వేరేగా చెప్పినా సరే, సోమవారం తప్ప ముట్టుకోకు అని. ఒట్టేయించుకున్నారు కూడా."

పెద్దాయన బట్టల బల్ల అంచు మీద కూర్చుండిపోయారు.

"ఆఖరికి నేనే వచ్చి చెప్పినా... అందా?"

"అన్నారు బాబాయ్‌గారూ. అదేం మాట పిన్నీ అని నేను నవ్వాను కూడా. ఆవిడ నవ్వలేదు."

"దానికి తెలుసు," అన్నారు ఆయన. "నా సంగతి దానికి తెలుసు." నవ్వడం మొదలుపెట్టారు, అది ఎక్కడో మధ్యలో ఏడుపైంది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి అంత పెద్దగా ఏడవడం నేను చూడలేదు. ఇస్త్రీ ఆవిడ బిక్కచచ్చి నా వైపు చూసింది. జరిగింది చెప్పాను. ఆమె మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది.

"రోజూ వేసుకుని ఉంటే?"

పెద్దాయనే చెప్పారు. "బతికేదానివి కాదమ్మా. తప్పు నాది. ఇప్పుడే డాక్టరు దగ్గరికెళ్ళి రక్తం చూపించుకో, ఏమీ ఉండదు, అయినా చూపించుకో." చేతులు జోడించారు. ఆమె ఆ చేతులు పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు. మాత్రల వైపే చూస్తూ నిలబడింది. అలా నిలబడే హక్కు ఆమెకి ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన గోడ పట్టుకుని మెల్లగా నడిచారు. నేను ఒక్కటే అనుకుంటూ ఉన్నాను. నా పొట్లం తీసుకెళ్ళినాయనతో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఏమీ చెప్పలేదు. ఆయన గొంతు ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు.

షాపులోకి రాగానే పెద్దాయన ఆ నకలు ముక్క తీసి నా ముందు పెట్టారు. "రాయండి," అన్నారు.

"ఏమని?"

"ఈ సంతకం తనది కాదని రాయండి. పొద్దున మీ కాళ్ళావేళ్ళా పడ్డాను, వద్దని. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. ఈ పొట్లం మీద తన పేరుంది చూడండి. తను దీన్ని దాటనివ్వలేదు, ఆపింది. దాటనిచ్చింది నేను. దాటనిచ్చి, తన పేరు పెట్టాను." ఊపిరి తీసుకున్నారు. "ఇదొక్కటే కాదు. పద్నాలుగు నెలలవీ అన్నీ రాయండి."

"షాపు మూత పడుతుందండీ."

"పడనీండి. ఇన్నాళ్ళూ తనని ఇక్కడ ఉంచానని అనుకున్నాను. తనని తప్పులు చేసేదాన్ని చేశాను."

ఫారం తీసి రాశాను. నాలుగు పేజీలు పట్టింది. ఆయన పక్కనే కూర్చుని, నేను అడక్కుండానే తేదీలు చెబుతూ వచ్చారు. ఆఖరి పేజీ కింద, ప్రతి ఫారంలోనూ ఉండే గీత ఉంది: "పైవన్నీ స్వయంగా విప్పి పరిశీలించాను." అక్కడ నా సంతకం కావాలి. ఆ గీత మీద కొన్ని వేల సార్లు సంతకం పెట్టాను. ఈసారి పెన్ను ఆనించి అలాగే ఉండిపోయాను.

"ఏమ్మా?" అన్నారు పెద్దాయన.

సంతకం పెట్టాను. తర్వాత, "తెల్ల కాగితం ఒకటి ఉంటుందా అండీ?" అని అడిగాను. ఇచ్చారు. నిలబడే రాశాను, కూర్చుంటే మనసు మారుతుందని భయం. పందొమ్మిదేళ్ళ కిందటి తేదీ వేసి, ఆ రోజు నేను పొట్లం విప్పలేదని, విప్పి చూశానని విచారణలో చెప్పింది అబద్ధమని, నా అబద్ధం వల్ల మొదటి సంతకం పెట్టిన అమ్మాయికి ఒక్కదానికే శిక్ష పడిందని రాశాను. ఎవరికి పంపాలో అడ్రసు రాశాను. ఉద్యోగం పోతుంది. మా ఆయనకి ఈ రాత్రి చెప్పాలి. ఇంకా ఏమేం పోతాయో ఆలోచించలేదు.

పెద్దాయన కాగితం తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, తొందరపడకుండా మొదటి నుంచి చివరి దాకా చదివారు. అంతా అయ్యాక మళ్ళీ పైకి వెళ్ళి రెండోసారి చదివారు.

"పోయినాయన గురించి రాశారు. బానే ఉంది," అన్నారు. "మరి ఈ అమ్మాయి? పనిలోంచి తీసేశాక ఏమైంది? ఎక్కడుంది ఇప్పుడు?"

పందొమ్మిదేళ్ళుగా నేను వెనక్కి తిరిగిన ప్రతిసారీ చచ్చిపోయిన మనిషినే చూస్తూ వచ్చాను. బతికున్న మనిషి గురించి ఆ ప్రశ్న నేను ఒక్కసారి కూడా వేసుకోలేదు.

"తెలీదండీ," అన్నాను.